అన్నయ్యను రాసిచ్చిన కాగితం

నందిగామలో మా పక్క స్థలంవాళ్ళతో హద్దుల పేచీ వచ్చింది. లాయరుగారు లింకు డాక్యుమెంట్లన్నీ తెమ్మంటే మొన్న వేసవిలో అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. అమ్మ పోయి ఆరేళ్ళయింది గానీ ఆ పెట్టెకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. మూత తీయగానే ముందు కలరా ఉండల వాసన, దాని వెనకాలే ఎండుమిరపకాయల ఘాటు. చీరల మధ్యా కాగితాల మధ్యా నాలుగేసి మిరపకాయలు పడేస్తే పురుగు చేరదని అమ్మ నమ్మకం. పురుగు సంగతేమో గానీ మనిషి కూడా చేరలేడు. అయిదు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్క కట్టా విప్పాను. పాసుపుస్తకాలు, బోరు వేయించినప్పటి కాగితాలు, నా పదో తరగతి మార్కుల జాబితా, అన్నిటికన్నా అడుగున రెండు అట్టముక్కల మధ్య భద్రంగా పెట్టిన నాలుగు పేజీల స్టాంపు కాగితం. చదవకముందే అదేమిటో తెలిసిపోయింది. మా అన్నయ్యను బౌద్ధ సంఘానికి రాసిచ్చిన దానపత్రం నకలు అది. హాస్యానికి అనడం లేదు. కన్నకొడుకును షెడ్యూలుతో సహా దానం రాసిచ్చిన తల్లిదండ్రులు మావాళ్ళు తప్ప ఇంకొకరు ఉన్నారని నేను ఇంతవరకు వినలేదు.

మాది వీరులపాడు పక్కన చిన్న పల్లె. మిరప, పత్తి, కంది పండే మెట్ట. మా ఇంట్లో రోజు అమ్మ కవ్వం చప్పుడుతో మొదలై నాన్న రేడియోతో ముగిసేది. నాన్నకు జీవితంలో రెండే నమ్మకాలు. రేడియోలో చెప్పిన వాన రాదు, నోటితో చెప్పిన మాట నిలవదు. అందుకని ప్రతిదీ కాగితం మీద పెట్టించేవాడు. ఎడ్లు మార్చుకున్నా కాగితమే, గట్టు మీద తుమ్మచెట్టు ఎవరిదో తేల్చుకున్నా కాగితమే. వారంలో ఆరు రోజులు ఇల్లు నాన్న చెప్పినట్టు నడిచేది. ఆదివారం మాత్రం అమ్మ రాజ్యం, ఎందుకంటే ఆ రోజు తలంట్లు. తెల్లారకముందే కుంకుడుకాయలు కొట్టి నానబెట్టేది, దొడ్లో కాగు కింద పత్తికట్టె మంట పెట్టేది. అన్నయ్య రామ్మోహన్‌కు ఇరవై రెండేళ్ళు వచ్చి, మీసాలు వచ్చి, ఉద్యోగం కూడా వచ్చాక కూడా పీట మీద కూచోవలసిందే. అన్నయ్యది ఒత్తయిన ఉంగరాల జుట్టు. ఈ తలకి గిద్దెడు నూనె చాలదని విసుక్కుంటూనే, ఆ జుట్టును పక్కింటివాళ్ళు చూస్తున్నారో లేదో అని అమ్మ గోడ వైపు ఒక కన్ను వేసి ఉంచేది. చెవుల వెనక, మెడ మీద, పాపిట్లో, ఎక్కడా ఒక్క అంగుళం వదిలేది కాదు. నా తల రెండు చెంబుల్లో అయిపోయేది. ఆ పక్షపాతం మీద నేను చాలా ఏళ్ళు కోపంగా ఉన్నాను. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

డిగ్రీ అయ్యాక అన్నయ్యకు జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో, లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తా పని దొరికింది. పేటలో గది తీసుకుని ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. చెప్పుల నుంచి కనుబొమల దాకా తెల్లటి దుమ్ము. డ్యూటీ దిగాక తోటివాళ్ళంతా టీ కొట్టు దగ్గరో సినిమా హాలు దగ్గరో తేలితే, ఈయన సైకిలు తొక్కుకుంటూ ధనంబోడుకు వెళ్ళి కూచునేవాడు. ధనంబోడంటే పేట పక్కన ఉన్న పాత బౌద్ధ స్తూపం దిబ్బ. రెండువేల ఏళ్ళ నాటిదంటారు. ఆ రోజుల్లో దాని మీద మేకలు తప్ప ఎవరూ కనిపించేవారు కాదు. పేరులోనే ధనం ఉంది కాబట్టి, రోజూ అక్కడికి వెళ్ళే మనిషికి లంకెబిందెలు దొరికి ఉంటాయని మా బంధువుల్లో ఒక వర్గం గట్టిగా నమ్మింది. మా మేనత్త ఒకసారి అన్నయ్య సంచిని ఎత్తి బరువు కూడా చూసింది. అందులో ఉన్నది ఖాళీ టిఫిను డబ్బా.

ఒక చలికాలం యాత్రికుల బస్సు ఒకటి ఆ దిబ్బకు దారి అడుగుతూ కాటా దగ్గర ఆగింది. దారి చూపించడానికి బస్సెక్కిన అన్నయ్య ఆ రోజు డ్యూటీకి తిరిగి రాలేదు. బస్సులో ఒక ముసలి భిక్షువు ఉన్నాడు, బుద్ధగయ దగ్గర ఒక విహారానికి పెద్ద. ఆయన దిబ్బ చుట్టూ మూడుసార్లు తిరిగి, పొద్దు వాలేదాకా ఒక రాయి మీద కూచున్నాడట. అన్నయ్య కూడా పక్కనే కూచున్నాడట. ఇంతే జరిగింది. ఆ తర్వాత ఉత్తరాలు నడిచాయి. ఎండాకాలం మొదట్లో, కళ్ళంలో మిరపకాయలు ఎండబోసి అందరం తాలుకాయలు ఏరుతుంటే, అన్నయ్య చేతిలో కాయలు కింద పెట్టి, భిక్షువునవుతానని చెప్పాడు. అమ్మకు ఆ మాటలో మొదటి సగమే అందింది. "ఇంట్లో తిండి లేకనా రా అడుక్కోవడం" అంది. అసలే మిరప ఘాటుకు అందరి కళ్ళూ కారుతున్నాయి కాబట్టి ఎవరు ఏడుస్తున్నారో తేల్చుకోలేకపోయాను.

ఇక ఊళ్ళో పరిశోధన మొదలైంది. మనిషి ఇల్లు వదిలి పోవాలంటే ఒక కారణం ఉండాలి గదా. ప్రేమ వ్యవహారం అన్నారు కొందరు. అలాంటిది ఏదీ లేదని నాకు తెలుసు, ఎందుకంటే అన్నయ్య ఉత్తరాలు పోస్టు చేసేది నేనే. కడుపులో నొప్పి అన్నారు ఇంకొందరు. కాటా దగ్గర లారీవాళ్ళతో గొడవ అన్నారు. మా మేనత్త మాత్రం బిందెలు దొరికాయనీ, ప్రభుత్వానికి తెలియకుండా దాటించడానికే ఈ వేషమనీ చివరిదాకా నిలబడింది. ఎవరు ఎంత గుచ్చి అడిగినా అన్నయ్య ఒకటే చెప్పేవాడు, అక్కడ కూచుంటే బాగుందని. బాగుంటే పెళ్ళి చేసుకుని కూడా కూచోవచ్చు కదా అని అమ్మ.

అమ్మ ఊరికే ఊరుకునే మనిషి కాదు. గుండు చేయించుకోవాలన్న కోరికే కదా, ఆ కోరిక మన దేవుడి దగ్గరే తీర్చేస్తే పోతుందని ఆలోచించింది. అన్నయ్య పుట్టువెంట్రుకలు వేదాద్రిలోనే తీయించారు. నరసింహస్వామికి ఏదో పాత మొక్కు ఇంకా మిగిలి ఉందని చెప్పి అందర్నీ బయల్దేరదీసింది. కృష్ణ ఒడ్డున మంగలి కత్తి కింద ఆ ఉంగరాల జుట్టంతా రాలుతుంటే అమ్మ మొహం తిప్పుకుంది. గుండుతో, నవ్వుమొహంతో, నీళ్ళు కారుతూ వచ్చిన అన్నయ్యను చూసి నాన్న మెల్లగా అన్న మాట నాకు వినబడింది, ఇంకాస్త దగ్గరకి తోసినట్టయిందే అని. మూడు నెలల్లో జుట్టు మళ్ళీ వచ్చింది, కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు.

ముసలి భిక్షువు ఉత్తరంలో ఒక షరతు ఉంది. దీక్ష ఇచ్చేటప్పుడు సంఘం ముందు నిలబెట్టి, నీ తల్లిదండ్రులు ఒప్పుకున్నారా అని అడుగుతారు. ఒప్పుకోలేదంటే దీక్ష లేదు. ఇద్దరూ ఒప్పుకోవాలి. నాన్న పదిహేను రోజులు రేడియో కూడా పెట్టకుండా ఆలోచించి సరేనన్నాడు, ఆ ఒప్పుకోలు కాగితం మీదే పెట్టిద్దామన్నాడు. అమ్మ అనలేదు. అన్నయ్య ప్రతి ఆదివారం తలంటుకు పీట మీద కూచుని, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగేవాడు. అమ్మ తల రుద్దుతూనే వద్దనేది. అన్నయ్య మళ్ళీ ఆ మాట ఎత్తేవాడు కాదు, పప్పూ అన్నం తిని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవాడు. గట్టిగా పోట్లాడేవాడైతే నాలుగు తిట్టి వదిలించుకునేదాన్నని అమ్మ నాతో చెప్పుకునేది. తొలకరి దాకా ఇలాగే నడిచింది. వానలు పడ్డ రెండో వారమో మూడో వారమో, తల తుడుస్తూ అమ్మ అడిగింది, "నేను ఒప్పుకోకపోతే ఏం చేస్తావు?" "ఏం చేస్తానమ్మా, ఇక్కడే ఉంటా. కాటా దగ్గరికి పోతా" అన్నాడు అన్నయ్య. కోపం లేదు, బెదిరింపు లేదు. అమ్మ తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయింది. మర్నాడు నాన్నతో, ఏం రాస్తారో విని వస్తా, వినకుండా సంతకం పెట్టి మా పెదనాన్న మూడెకరాలు పోగొట్టుకున్నాడు అంది.

అలా ముగ్గురం నందిగామ వెళ్ళాం. నేను అప్పుడు అక్కడే కాలేజీలో చదువుతున్నాను కాబట్టి చదివి వినిపించే పని నాది. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. దస్తావేజులు రాసే శేషయ్యగారిది రిజిస్ట్రారాఫీసు వీధిలో రేకుల షెడ్డు. మా నాన్న ఎడ్ల కాగితాల నుంచి తుమ్మచెట్టు దాకా అన్నీ ఆయన చేతిరాతే. కబురు విని ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు, నమూనాల కట్ట విప్పాడు. "దత్తత పత్రమైతే నా దగ్గర ఉందండి. తీసుకునే ఆయన పేరు?"

"బుద్ధుడండి" అన్నాడు నాన్న.

"భార్య ఉందా?"

"ఉండేదండి. వదిలేసి వెళ్ళాడు."

శేషయ్యగారు కలం కింద పెట్టేశాడు. "అయితే కుదరదండి. దత్తతకి ఆవిడ కూడా ఒప్పుకోవాలి."

క్రయం కుదరదు, పంపకం కాదు, వీలునామా అసలే కాదు. చివరికి దానపత్రం దగ్గర తేలింది. రిజిస్ట్రేషను సంగతి నాన్న అడిగితే, కదిలే ఆస్తికి అక్కర్లేదండి, అప్పజెబితే చాలన్నాడు. ఎవరి ప్రోద్బలమూ లేకుండా, స్వబుద్ధితో, మనఃపూర్వకంగా, ఇందులకు మా వారసులెవ్వరూ తకరారు చేయరాదు, అంటూ మూడు పేజీలు ధారగా రాసి, షెడ్యూలు దగ్గర ఆగాడు. షెడ్యూలు లేని దస్తావేజు తన చేత్తో ఎప్పుడూ రాయలేదు. పొలమైతే హద్దులు రాయచ్చు, మనిషికి పుట్టుమచ్చలు రాయాలి. నాన్న కాసేపు ఆలోచించి, కుడి భుజం మీద మచ్చ అన్నాడు.

బల్ల చివర మా వైపు వీపు పెట్టి కూచున్న అమ్మ తిరగకుండానే అంది, "కుడి కాదు, ఎడం." శేషయ్యగారు కొట్టేసి మళ్ళీ రాశాడు. అమ్మ ఆగలేదు. ఎడం మోకాలి కింద గీత, నాలుగో ఏట బండి మీంచి పడ్డాడు. కుడి చేతి చూపుడువేలి గోరు కొంచెం వంకర. కుడి చెవి వెనక మినప్పప్పంత మచ్చ, నల్లది. చెబుతూ చెబుతూ మా వైపు తిరిగింది. అప్పటికి ఆమె చెంపలు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది, చాకలిపద్దు చెప్పినట్టు చెప్పింది. శేషయ్యగారు తలెత్తకుండా రాసుకుంటూ పోయాడు. నేనయితే గోడ మీది బల్లిని చూస్తూ నిలబడ్డాను.

"ఒక ముక్క రాయండి" అంది అమ్మ. "వాడు ఎప్పుడన్నా తిరిగొస్తే ఎవరూ నవ్వకూడదు. ఎందుకొచ్చావని అడక్కూడదు. అది రాస్తే సంతకం పెడతా."

"నవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదమ్మా."

"చట్టంలో లేకపోతే నా కాగితంలో పెట్టండి."

మూడో పేజీ చివర మిగిలిన జాగాలో పెట్టాడు. అమ్మ నన్ను రెండుసార్లు చదివించుకుని, కలం పిడికిలిలో పట్టుకుని, ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి సంతకం చేసింది. తిరుగు బస్సులో అమ్మకు ముందు వరసలో సీటు దొరికింది. వెనక నిలబడ్డ నాతో నాన్న రహస్యంగా, ఆ చివరి ముక్క అన్నయ్య చెవిన వేయవద్దన్నాడు. కొట్టం తలుపు తీసి ఉందని తెలిస్తే ఎద్దు కాడి మోయదు అన్నాడు. అది నిజమేననిపించింది నాకు. పందొమ్మిదేళ్ళ దాన్ని, నాన్న రహస్యం చెప్పడమే గొప్పగా ఉంది. నేను చెప్పలేదు. చదువుకున్నవాడు కదా, కాగితం చదివే ఉంటాడని అమ్మ అనుకుంది. అందరి కంటే ముందు ఆ కాగితం చదవవలసినవాడు మాత్రం చదవలేదు. నాన్న నకలు ఇంట్లో ఉంచి, అసలును కవరులో పెట్టి, లక్క సీలు వేయించి, తనే అన్నయ్యతో గయ దాకా పట్టుకెళ్ళి ముసలి భిక్షువు చేతిలో పెట్టాడు. ఆయనకు తెలుగు రాదు. నాలుగు పేజీలూ తిరగేసి, స్టాంపులకేసి గౌరవంగా చూసి, ఏముందని అడిగాడట. నాన్న ఒప్పుకున్నాం అన్నాడు. అన్నయ్య దాన్ని హిందీలో చెప్పాడు. నాలుగు పేజీలకూ అదే అనువాదం.

పదకొండేళ్ళకు అన్నయ్య కాషాయపు చీవరం చుట్టుకుని మా గడపలో నిలబడ్డాడు. ఆచారం ప్రకారం ఇంటివాళ్ళంతా దణ్ణం పెట్టాలి, భంతే అని పిలవాలి. నాన్న తలపాగా తీసి వంగాడు. అమ్మ వంగలేదు. పెద్దవాళ్ళు దణ్ణం పెడితే చిన్నవాళ్ళకి ఆయుక్షీణం, బుద్ధుడు చెప్పినా సరే నేను పెట్టను, కావాలంటే అన్నం పెడతానంది. పాత్రలో పప్పు, గోంగూర, పెరుగు అన్నీ కలగలిపి వడ్డించి, ఒక్కసారి వడ్డిస్తే మంచిది కాదని మారు కూడా వడ్డించింది. భిక్షువు వద్దనకూడదో, వద్దనే అలవాటు పోయిందో, అన్నయ్య మాట్లాడకుండా మొత్తం తిన్నాడు. ఆ మధ్యాహ్నం కదలలేక వసారాలో పడుకున్నాడు. ఆ తర్వాత నాలుగైదేళ్ళకోసారి వచ్చేవాడు. అమ్మ పోయినప్పుడు కబురు ఆలస్యంగా అందింది.

ఇప్పుడు కాలం వేరు. హైవే నాలుగు వరసలై పేట చేతికందేంత దగ్గరయింది, మా జిల్లా పేరే మారిపోయింది. ధనంబోడుకు కంచె వేసి బోర్డు పెట్టారు, మేకలకు ప్రవేశం లేదు. మా ఎదురింటి సాఫ్ట్‌వేరు అబ్బాయి పది రోజులు మౌనధ్యానం చేసి వచ్చి, పదకొండో రోజు దాని గురించి ఏకధాటిగా మాట్లాడాడు. ఉద్యోగం మానేసినా, మళ్ళీ చేరినా, బ్రేకు తీసుకున్నానంటారు, విన్నవాళ్ళు మంచిదంటారు. వెళ్ళడమూ తేలికే, రావడమూ తేలికే. అది మంచిదే అనుకుంటాను. మా రోజుల్లో తిరిగొచ్చినవాడి పేరు ముందు ఒక వంకర బిరుదు తగిలించి మనవల దాకా పిలిచేవారు. అమ్మకు తెలుసు ఆ సంగతి.

కాగితం దొరికిన నెలకు యాత్రికులతో పేటకు వస్తున్నానని అన్నయ్య ఫోను చేశాడు. పొద్దున్నే దిబ్బ చూపించి, భోజనం వేళకు నందిగామలో మా ఇంటికి వచ్చాడు. అరవై దాటాయి, నడుం కొంచెం వంగింది, తెలుగు మాత్రం ఊరు వదిలిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. దోసకాయ పప్పు పెట్టాను, మారు వడ్డించాను. తిన్నాక ఆ కాగితం చేతిలో పెట్టాను. దత్తత, బుద్ధుడి భార్య సంగతి చెబితే కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క పేజీ పైకి చదువుకుంటూ పోయి, మూడో పేజీ చివర ఆగిపోయాడు. "పై చిరంజీవి ఏనాడైనా తిరిగి రాదలచిన యెడల కుటుంబీకులు గానీ బంధువులు గానీ గ్రామస్థులు గానీ నవ్వరాదు, ఎందుకు వచ్చితివని అడగరాదు." ఆ వాక్యం రెండోసారి పైకి చదవలేదు, కళ్ళతోనే చదువుకున్నాడు.

"రెండో ఏడు వానలు అవగానే వచ్చేశా సరళా" అన్నాడు. "ఎవరికీ చెప్పలా. ఇక్కడే, మన నందిగామ బస్టాండులో దిగా. మనూరి బస్సు ఎక్కబోతే లోపలంతా తెలిసిన మొహాలే. నవ్వుతారని ఎక్కలేకపోయా. మూడు బస్సులు వదిలేసి, చీకటి పడకముందే వెనక్కిపోయా."

నాన్న చెప్పొద్దన్నాడనీ, నేనూ చెప్పలేదనీ, అమ్మ మాత్రం నీకు తెలుసనే అనుకునేదనీ చెప్పాను. ముప్పై అయిదేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పిన దాన్ని, ఈ ఒక్కటీ తప్పు చేశానని ఆ క్షణంలో అర్థమై నాకు ఏడుపొచ్చింది. తెలిసుంటే ఏం చేసేవాడివని అడిగాను.

"ఎక్కేవాణ్ణి" అన్నాడు వెంటనే. ఆగి, "అమ్మ చేతి అన్నం తిని, రెండ్రోజులు పడుకుని, మళ్ళీ పోయుండేవాణ్ణేమో. పోకపోయుండేవాణ్ణేమో. ఇప్పుడెట్టా చెప్తా" అన్నాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అననందుకు ఇంకా కష్టంగా ఉంది.

పేజీ తిప్పి షెడ్యూలు చదవడం మొదలుపెట్టాడు. చీవరం కొంచెం పైకి లాగి ఎడం మోకాలు చూసుకున్నాడు, గీత ఉంది. వంకర గోరు ఉంది. తర్వాతి వరస చదివి, చెయ్యి తల వెనక్కి పోనిచ్చి తడిమాడు. "ఇది తప్పు. నాకు చెవి వెనక మచ్చేం లేదు" అన్నాడు. నువ్వెప్పుడు చూసుకున్నావన్నాను. తలంటుకు పీట మీద కూచున్నట్టు మెడ వంచి, "చూడు, ఉందా?" అని అడిగాడు.

ఆడవాళ్ళు భిక్షువును తాకకూడదు కాబట్టి చేతులు వెనక్కి పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, వెనక నిలబడి చూశాను. కుడి చెవి వెనక, మినప్పప్పంత, నల్లగా, అమ్మ రాయించిన చోటే ఉంది. నలభై ఏళ్ళకు పైగా ఆ గుండు వెనక నడిచిన వాళ్ళందరికీ కనిపించే ఉంటుంది. జుట్టున్న రోజుల్లో దాన్ని చూసింది మాత్రం తలంటు పోసిన మనిషి ఒక్కతే.

"ఉందన్నయ్యా" అన్నాను. భంతే అనడం మరిచిపోయానని అన్నాక గానీ తెలియలేదు. ఆయన తల వంచుకునే, ఊఁ, అని పలికాడు.